అస్సీసి యాత్ర: ఫ్రాన్సిస్కన్ పునీతుల బాటలో వెళ్లేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇటలీ యాత్ర అనగానే మనవాళ్లు రోము, వాటికన్ రాసుకుని, మధ్యలో ఒక పూట అస్సీసికి ఇస్తారు. బస్సు దిగడం, పెద్ద దేవాలయం చూడటం, సమాధి దగ్గర పరలోక జపం చెప్పుకోవడం, నాలుగు జపమాలలు కొనుక్కుని మళ్లీ బస్సెక్కడం. ఆ సమాధి ఫ్రాన్సిస్కన్ సన్యాసుల సభను మొదలుపెట్టిన పునీత ఫ్రాన్సిస్‌ది. ఫ్రాన్సిస్‌గారు ఆ పెద్ద దేవాలయంలో ఒక్క రోజు కూడా ఉండలేదు. అది ఆయన చనిపోయాక కట్టింది. ఆయన బతికిన చోట్లన్నీ చిన్నవి: ఒక పాడుబడ్డ గుడి, ఒక రాతి గుహ, మైదానంలో ఒక పాక. యాత్రకు వెళ్లేవాళ్లు ఆ చిన్న చోట్లకు కూడా టైమ్ ఇవ్వాలన్నదే నా తపన. కింది జవాబులన్నీ అందుకోసమే.

ఈ యాత్రలో ఏయే ఊళ్లు వస్తాయి?

మధ్య ఇటలీలో ఉంబ్రియా అనే ప్రాంతం ఉంది. అస్సీసి అక్కడే, సుబాసియో కొండ వాలు మీద ఉంటుంది. అస్సీసి చుట్టూ సాన్ దమియానో, పొర్సియుంకొలా, రివొతొర్తో, కొండపైన కార్చెరి ఆశ్రమం ఉన్నాయి. ఉత్తరాన టస్కనీలో లా వెర్నా పర్వతం, దక్షిణాన రియేతి లోయలో గ్రెచ్చో, ఫొంతె కొలంబో, పొజ్జో బుస్తోనె, లా ఫొరెస్తా. పునీత అంతోనివారి కోసం ఉత్తర ఇటలీలోని పాదువా వరకు వెళ్లేవాళ్లూ ఉన్నారు. ఇంకా దక్షిణానికి వెళితే సాన్ జొవాన్ని రొతొందోలో పాద్రె పియో సమాధి ఉంది. ఆయన ఫ్రాన్సిస్కన్లలో ఒక శాఖ అయిన కపూచిన్ సభ గురువు. 1968 సెప్టెంబర్ 23న చనిపోయారు, 2002లో పునీతుడయ్యారు.

ఇవన్నీ ఒకే యాత్రలో చూడాలని పెట్టుకోకండి. బస్సులో కూర్చోవడమే తప్ప ఏమీ మిగలదు.

ఎన్ని రోజులు కావాలి?

అస్సీసిలో కనీసం మూడు రాత్రులు ఉండండి. సాయంత్రం టూరిస్టు బస్సులు వెళ్లిపోయాక ఆ ఊరు వేరేలా ఉంటుంది. పొద్దున్నే పూజ, రాత్రి నిశ్శబ్దంగా ఉన్న వీధులు, ఇవి పగటిపూట వచ్చిపోయేవాళ్లకు దొరకవు. లా వెర్నాకు ఒక రోజు, గ్రెచ్చోకు ఒక రోజు, రోముకు రెండు మూడు రోజులు కలుపుకుంటే వారం పైన సరిపోతుంది. పాదువా పెట్టుకుంటే ఇంకో రెండు రోజులు.

వెళ్లేముందు ఫ్రాన్సిస్ జీవితం గురించి ఏం తెలిసుండాలి?

ఇది తెలియకుండా వెళితే అన్నీ రాళ్లూ గోడలే కనిపిస్తాయి. కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ఆయన 1181లోనో 1182లోనో అస్సీసిలో పుట్టారు. తండ్రి పియెత్రో ది బెర్నార్దోనె బట్టల వ్యాపారి, బాగా డబ్బున్నవాడు. కొడుకు స్నేహితులతో విందులు చేసుకుంటూ, యోధుడు కావాలని కలలు కంటూ పెరిగాడు. 1202లో అస్సీసికీ పక్కనున్న పెరూజియాకీ జరిగిన యుద్ధంలో పట్టుబడి ఏడాదిపాటు చెరసాలలో ఉన్నాడు. విడుదలయ్యాక మళ్లీ యుద్ధానికని గుర్రమెక్కి, స్పొలేతో ఊరి దాకా వెళ్లి, అక్కడి నుంచే వెనక్కి తిరిగాడు.

ఆ తర్వాత జరిగిన రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఒకటి, సాన్ దమియానో గుడిలో సిలువ ముందు ప్రార్థిస్తుండగా "పడిపోతున్న నా ఇంటిని బాగుచెయ్యి" అన్న పిలుపు వినడం. దాన్ని ఉన్నదున్నట్టు తీసుకుని ఆయన తాపీ పనికి దిగారు, రాళ్లు అడుక్కొచ్చి గోడలు కట్టారు. రెండోది కుష్ఠు రోగులు. చనిపోయేముందు చెప్పి రాయించిన వీలునామాను ఆయన వాళ్ల మాటతోనే మొదలుపెడతారు. పాపంలో ఉన్న రోజుల్లో కుష్ఠు రోగులను చూడటమే తనకు భరించలేనంత చేదుగా ఉండేదని, ప్రభువే తనను వాళ్ల మధ్యకు తీసుకెళ్లాడని, అప్పుడు ఆ చేదు తనకు తీపిగా మారిందని చెబుతారు. సిలువ మాట్లాడిన సంగతి అందరికీ తెలుసు. ఆ సంగతి వీలునామాలో లేనే లేదు. తన మార్పుకు మొదలు ఎక్కడో ఆయనే చెప్పారు, అది కుష్ఠు రోగుల దగ్గర.

తండ్రితో గొడవ బిషప్‌గారి ముందుకు వెళ్లినప్పుడు, ఒంటి మీది బట్టలు కూడా విప్పి తండ్రికి ఇచ్చేశారు. ఇది 1206 నాటి సంగతి. 1209లో, మరికొందరి లెక్కలో 1210లో, పన్నెండుమంది కలిసి రోముకు వెళ్లి పోపు 3వ ఇన్నొసెంట్ నుంచి నోటిమాటగా అనుమతి తెచ్చుకున్నారు. 1223 నవంబర్ 29న 3వ హొనొరియుస్ పోపు ఆయన సన్యాసుల సభ నియమావళికి రాతపూర్వకంగా ఆమోదం ఇచ్చారు. 1226 అక్టోబర్ 3 సాయంత్రం ఆయన కన్నుమూశారు. రెండేళ్లు తిరగకుండానే, 1228 జూలై 16న, 9వ గ్రెగరీ పోపు ఆయన్ను పునీతుడిగా ప్రకటించారు.

పెద్ద దేవాలయంలో ఏం చూడాలి?

ముందు కిందికి వెళ్లండి. పునీత ఫ్రాన్సిస్ దేవాలయం ఒకదాని మీద ఒకటి కట్టిన రెండు గుళ్లు, వాటి అడుగున సమాధి గది. శవపేటికను ఎవరూ ఎత్తుకుపోకుండా 1230లో ఎంత గట్టిగా దాచారంటే, 1818 వరకు అది కచ్చితంగా ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. సమాధి చుట్టూ నాలుగు మూలల్లో ఆయన తొలి సహచరులు లియో, రుఫీనో, మస్సేయో, ఆంజెలో ఉన్నారు. బల్లల మీద కూర్చుని కాసేపు ఉండిపోండి, తొందరేం లేదు.

పై గుడిలో ఆయన జీవితాన్ని చెప్పే 28 కుడ్యచిత్రాలు ఉన్నాయి. ఆ కాలపు ఇటలీ చిత్రకారుడు జొత్తో గీశాడని చెబుతారు, పండితుల్లో ఇంకా వాదన నడుస్తూనే ఉంది. పిల్లలుంటే బొమ్మ బొమ్మకూ ఆగి కథ చెప్పండి, వాళ్లకు మరచిపోలేని పాఠం అవుతుంది. 1997 సెప్టెంబర్ 26న భూకంపంలో ఈ గుడి పైకప్పు కొంత కూలి నలుగురు చనిపోయారు, వాళ్లలో ఇద్దరు ఫ్రాన్సిస్కన్లు. ముక్కలైన చిత్రాలను ఏరి మళ్లీ అతికించారు.

చాలామంది చూడకుండా వచ్చేసేది కింది గుడికి ఆనుకుని ఉన్న అవశేషాల గది. అక్కడ ఆయన తొడిగిన అంగీ ఉంది, ముతక బట్ట, అతుకు మీద అతుకు. అంతకన్నా నన్ను కదిలించేది ఒక చిన్న తోలు కాగితం. 1224లో లా వెర్నా కొండ మీద బ్రదర్ లియో మనసులో ఏదో వేదనతో ఉంటే, ఫ్రాన్సిస్‌గారు స్వహస్తాలతో రాసిచ్చిన ఆశీర్వాదం అది. ఒకవైపు దేవుని స్తుతులు, ఇంకోవైపు సంఖ్యాకాండంలోని మాటలు, మన బైబిల్లో "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడునుగాక" అని చదువుకునేవే. కింద తౌ గుర్తు, అంటే ఇంగ్లీషు T ఆకారంలోని సిలువ. లియో దాన్ని మడిచి జీవితాంతం ఒంటి మీదే ఉంచుకున్నారు. ఆ మడతల గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఎర్ర సిరాతో లియో రాసుకున్న వివరణ కూడా ఉంది.

లోపల ఫొటోలు తీయకూడదు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి. మన చీర, చుడీదార్‌తో ఏ ఇబ్బందీ ఉండదు. ప్రవేశం ఉచితం.

పొర్సియుంకొలా అంటే ఏంటి? అందరూ అదే ముఖ్యం అంటారెందుకు?

అస్సీసి కొండ కింద మైదానంలో దేవదూతల మరియమ్మ దేవాలయం ఉంది. చాలా పెద్దది, 1569లో మొదలుపెట్టి 1679లో పూర్తి చేశారు. దాని లోపల, గోపురం కింద, మన పల్లెటూరి ఇంట్లో ఒక గదంత రాతి గుడి కనిపిస్తుంది. అదే పొర్సియుంకొలా. ఫ్రాన్సిస్‌గారు చేతులారా బాగుచేసిన గుళ్లలో ఒకటి. సభ ఇక్కడే పుట్టింది. ఆయన బాటలో నడిచిన అస్సీసి అమ్మాయి, పునీత క్లార ఇక్కడే జుట్టు కత్తిరించుకుని దేవునికి అంకితమయ్యారు. పక్కనే ఆయన ప్రాణం విడిచిన చోటు, ఇప్పుడు చిన్న ప్రార్థనాలయం. చివరి క్షణాల్లో తనను కటిక నేల మీద పడుకోబెట్టమన్నారు.

ఆ ఆఖరి రోజుల్లోని ఒక సంగతి నాకు చాలా ఇష్టం. రోములో జాకొపా అనే విధవరాలు ఆయనకు స్నేహితురాలు. ఆమె చేసే బాదం మిఠాయి తేవాలని ఫ్రాన్సిస్‌గారు ఉత్తరం రాయించబోతుండగానే ఆమె అన్నీ పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డారట. అంత కఠిన ఉపవాసాలు చేసిన మనిషి చనిపోయేముందు మిఠాయి అడగడంలో ఎంత ప్రేమ ఉందో చూడండి. ఆమె సమాధి కూడా ఆయన సమాధి గదిలోనే ఉంది.

ఆగస్టు 2న ఇక్కడ 'అస్సీసి క్షమాపణ' పండుగ. ఆ రోజుల్లో విపరీతమైన జనం.

పునీత క్లార కోసం ఎక్కడికి వెళ్లాలి?

సమాధి ఊళ్లోని పునీత క్లార దేవాలయంలో ఉంది. ఫ్రాన్సిస్‌తో మాట్లాడిన ఆ సిలువ కూడా ఇప్పుడు అక్కడే ఉంది. కానీ ఆమెను తెలుసుకోవాలంటే సాన్ దమియానోకు దిగి వెళ్లండి. ఊరి గోడ దాటి ఓ కిలోమీటరు, ఆలివ్ చెట్ల మధ్య. పెద్దింటి అమ్మాయి, పద్దెనిమిదేళ్ల వయసులో మట్టల ఆదివారం రాత్రి ఇల్లు వదిలి వచ్చి, ఆ చిన్న మఠంలో నలభై ఏళ్లకు పైగా ఉన్నారు. ఆమె, తోటి సన్యాసినులు భోంచేసిన గది అలాగే ఉంది, మసిబారిన గోడలు, అరిగిన బల్లలు. క్లార కూర్చునే చోట పువ్వులు పెడతారు. పైన ఆమె చనిపోయిన పడక గది.

ఆస్తి వద్దని పోపులతోనే పట్టుబట్టిన మనిషి ఆమె. సన్యాసినుల సభకు ఒక స్త్రీ స్వయంగా రాసి పోపు ఆమోదం పొందిన మొదటి నియమావళి ఆమెదే. ఆమోదం 1253 ఆగస్టు 9న వచ్చింది, 11న ఆమె కన్నుమూశారు.

'సూర్య సోదర గీతం' పుట్టింది కూడా ఈ మఠం దగ్గరే, 1225లో. అప్పటికి ఫ్రాన్సిస్‌గారికి చూపు దాదాపు పోయింది, వెలుతురు తగిలితే కళ్లు మండేవి. ఆ స్థితిలో సూర్యుణ్ని అన్నా అని పిలిచి దేవుణ్ని స్తుతించారు.

లా వెర్నా అంత దూరం వెళ్లడం అవసరమా?

వీలుంటే తప్పకుండా వెళ్లండి. 1213లో ఒర్లాందో అనే ప్రభువు ప్రార్థన కోసం ఇచ్చిన కొండ ఇది. 1224 సెప్టెంబర్‌లో, సిలువ విజయోత్సవం రోజుల్లో, క్రీస్తు పంచగాయాలు, అంటే సిలువపై చేతులకు, కాళ్లకు, పక్కకు అయిన గాయాలు, ఫ్రాన్సిస్‌గారి దేహం మీద ఇక్కడే పడ్డాయి. పెద్ద బండ కింద ఆయన ప్రార్థించిన చీలికలో నిలబడితే ఎండాకాలంలో కూడా చలి వేస్తుంది. రోజూ మధ్యాహ్నం మూడింటికి మఠవాసులు ఊరేగింపుగా పంచగాయాల ప్రార్థనాలయానికి వెళతారు, యాత్రికులూ వాళ్ల వెనుక నడవొచ్చు. దానికి అందేలా టైమ్ చూసుకోండి. గుడిలో అంద్రేయా దెల్లా రొబ్బియా చేసిన నీలం తెలుపు మట్టి శిల్పాలు ఉన్నాయి, వాటిలో దేవదూత మరియమ్మకు మంగళవార్త చెప్పే శిల్పం దగ్గర కాసేపు ఆగండి.

బస్సులు తక్కువ. గుంపుగా వెళితే వ్యాన్ మాట్లాడుకోవడమే నయం. స్వెట్టర్ పట్టుకెళ్లండి.

క్రిస్మస్ పశువుల పాక మొదలైంది గ్రెచ్చోలోనేనా?

1223 క్రిస్మస్ రాత్రి, గ్రెచ్చో కొండ గుహలో ఫ్రాన్సిస్‌గారు తొట్టె పెట్టించి, గడ్డి పరిపించి, ఎద్దునూ గాడిదనూ తెప్పించారు. తొట్టె మీదే పూజ జరిగింది. ఆయన డీకన్ (గురువు కంటే ఒక మెట్టు కింది సేవకుడు) కాబట్టి సువిశేషం పాడి ప్రసంగించారు. బొమ్మలేం లేవు. బేత్లెహేములో పసిబిడ్డ పడిన ఇబ్బందిని కళ్లతో చూడాలన్నదే ఆయన కోరిక. మన ఇళ్లలో డిసెంబర్ వచ్చిందంటే పిల్లలు కట్టే పాకలకు మూలం ఆ రాత్రే. ఆ గుహ ఇప్పుడు ప్రార్థనాలయం.

మా ఇంట్లో అంతోనివారి భక్తి. పాదువా వెళ్లాలా?

మంగళవారం నవదిన ప్రార్థనలకు చిన్నప్పటి నుంచి వెళ్లినవాళ్లకు నేను వద్దని ఎలా చెబుతాను? వెళ్లండి. అంతోనివారు పుట్టింది లిస్బన్‌లో, అసలు పేరు ఫెర్నాందో. మొరాకోలో హతసాక్షులైన ఫ్రాన్సిస్కన్ల దేహాలు పోర్చుగల్‌కు రావడం చూసి ఈ సభలో చేరారు. 1231 జూన్ 13న చనిపోయారు, ఏడాది కూడా కాకముందే పునీతుడయ్యారు. 1263లో సమాధి తెరిచినప్పుడు నాలుక చెడకుండా ఉంది. దాన్ని ఇప్పటికీ అక్కడి దేవాలయంలో చూడొచ్చు. పోయిన వస్తువులు దొరికించే పునీతుడిగానే మనవాళ్లు ఆయన్ను తలుచుకుంటారు, కానీ ఆయన గొప్ప ప్రసంగి, తిరుసభ పండితుడు.

కార్లో అకుతిస్ సమాధి కూడా అస్సీసిలోనే ఉందట?

ఉంది. ఫ్రాన్సిస్‌గారు బట్టలు విప్పి ఇచ్చిన చోట ఉన్న పునీత మరియ మజ్జొరే గుడిలో. కార్లో 1991లో పుట్టి 2006 అక్టోబర్ 12న ల్యుకేమియాతో చనిపోయిన అబ్బాయి. 2025 సెప్టెంబర్ 7న పునీతుడిగా ప్రకటించారు. జీన్స్, స్నీకర్స్‌తో గాజు వెనుక కనిపిస్తాడు. టీనేజ్ పిల్లలను తీసుకెళితే వాళ్లు ఎక్కువసేపు ఆగేది ఇక్కడే.

మేం కతోలికులం కాదు. రావచ్చా?

రండి. లూథరన్, బాప్టిస్ట్, సి.ఎస్.ఐ. సంఘాలవాళ్లు, హిందూ స్నేహితులు వస్తూనే ఉంటారు. గుళ్లన్నీ అందరికీ తెరిచే ఉంటాయి. పూజలో కూర్చోవచ్చు, దివ్య సత్‌ప్రసాదం మాత్రం కతోలికులకే. 1219లో క్రైస్తవ సైన్యం ఈజిప్టులో యుద్ధం చేస్తుంటే, ఫ్రాన్సిస్‌గారు ఆయుధం లేకుండా సుల్తాన్ అల్ కామిల్ దగ్గరికి వెళ్లి మాట్లాడి వచ్చారు. 1986 అక్టోబర్ 27న 2వ జాన్ పాల్ పోపు ప్రపంచ మతాల పెద్దలందరినీ శాంతి ప్రార్థనకు పిలిచింది ఈ ఊరికే.

తెలుగులో పూజ చేయించుకోవచ్చా?

మీతో ఫాదర్‌గారు వస్తుంటే చేయించుకోవచ్చు. ముందుగానే ఆ గుడికి మెయిల్ రాసి టైమ్ బుక్ చేసుకోవాలి. ఫాదర్‌గారు తన బిషప్ లేదా సభ పెద్దలు ఇచ్చిన గుర్తింపు పత్రం వెంట ఉంచుకోవాలి. పాపసంకీర్తనానికి పెద్ద దేవాలయంలో, పొర్సియుంకొలాలో ఇంగ్లీషు వచ్చిన గురువులు దొరుకుతారు.

వీసా సంగతి?

ఇటలీకి షెంగెన్ వీసా, అంటే చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం పదిహేను రోజుల ముందైనా చేయాలి. 30,000 యూరోలకు తగ్గని ట్రావెల్ ఇన్సూరెన్స్, బ్యాంకు స్టేట్‌మెంట్లు, హోటల్ బుకింగులు అడుగుతారు. స్లాట్లు దొరక్క చివర్లో టెన్షన్ పడేవాళ్లు ఎక్కువ, మూడు నెలల ముందే మొదలుపెట్టండి.

రోము నుంచి ఎలా వెళ్లాలి? పెద్దవాళ్లు నడవగలరా?

రోము తెర్మిని స్టేషన్ నుంచి రైలు, రెండు గంటలు పైన. కొన్ని నేరుగా వెళతాయి, కొన్నింటికి ఫొలిన్యోలో మారాలి. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు ప్లాట్‌ఫారం దగ్గర మెషీన్‌లో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే జరిమానా. స్టేషన్ కొండ కింద ఉంటుంది, పొర్సియుంకొలాకు దగ్గర. పైకి సిటీ బస్సులున్నాయి.

ఊరంతా ఎత్తుపల్లాలే, రాళ్లు పరిచిన వీధులు. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మలను సాన్ దమియానో నుంచి పైకి నడిపించకండి, టాక్సీ పిలవండి. కార్చెరి ఆశ్రమానికి కూడా అంతే, నాలుగు కిలోమీటర్ల ఎక్కుడు. మంచి పట్టున్న బూట్లు తప్పనిసరి. సన్యాసినులు నడిపే అతిథి గృహాలు శుభ్రంగా ఉంటాయి, రాత్రి గేటు వేసే టైమ్ అడిగి తెలుసుకోండి.

నడిచి వెళ్లే యాత్ర ఉందని విన్నాం.

ఉంది. లా వెర్నా నుంచి అస్సీసికి దాదాపు 190 కిలోమీటర్లు, గుబ్బియో మీదుగా. తోడేలుతో ఫ్రాన్సిస్‌గారు సంధి చేసిన కథ ఆ ఊరిదే. యాత్రికుల పాస్‌బుక్ తీసుకుని, దారిలో ముద్రలు వేయించుకుంటూ వెళతారు. కొండదారి కాబట్టి అలవాటు లేకుండా దిగకండి.

ఎప్పుడు వెళితే మంచిది? తిండి ఎలా?

ఏప్రిల్, మే, లేదా సెప్టెంబర్, అక్టోబర్. అక్టోబర్ 4 పండుగ చూడాలంటే గది చాలా ముందే బుక్ చేయాలి. ఆయన చనిపోయి 800 ఏళ్లు నిండే సందర్భంగా 2026 జనవరి 10 నుంచి 2027 జనవరి 10 వరకు పునీత ఫ్రాన్సిస్ సంవత్సరంగా పోపు 14వ లియో ప్రకటించారు కాబట్టి, ఆ రోజుల్లో రద్దీ ఇంకా ఎక్కువ.

శాకాహారులకు పాస్తా, పప్పుల సూపు, పెనం మీద కాల్చే టోర్టా అల్ టెస్టో అనే రొట్టె దొరుకుతాయి. కారం ఉండదు. పచ్చడి పొడి రూపంలో తెచ్చుకోండి.

"నన్ను నీ శాంతి సాధనంగా చేయుము" అన్న ప్రార్థన ఆయనదేనా?

కాదు. అది 1912లో ఫ్రాన్స్‌లో ఒక చిన్న పత్రికలో మొదట అచ్చయింది, రచయిత పేరు లేదు. ఆయన మనసుకు దగ్గరగా ఉంది కాబట్టి నిశ్చింతగా చెప్పుకోండి. ఆయన సొంత మాటలు కావాలంటే మాత్రం సూర్య సోదర గీతం, వీలునామా చదవండి.

ఫ్రాన్సిస్కన్లలో ఇన్ని రకాలెందుకు? మన దగ్గర ఉన్నారా?

పేదరికాన్ని ఎంత కఠినంగా పాటించాలన్న దానిపై వచ్చిన తేడాలతో సభ మూడు శాఖలైంది: ఫ్రయర్స్ మైనర్, కన్వెంచువల్, కపూచిన్. అస్సీసి పెద్ద దేవాలయం కన్వెంచువల్ వారిది. పొర్సియుంకొలా, సాన్ దమియానో, లా వెర్నా ఫ్రయర్స్ మైనర్ చూసుకుంటారు. గృహస్థుల కోసం మూడో సభ కూడా ఉంది, పెళ్లయినవాళ్లు, ఉద్యోగస్థులు చేరొచ్చు. భారతదేశపు తొలి మహిళా పునీత అల్ఫోన్సమ్మ ఫ్రాన్సిస్కన్ క్లారిస్ట్ సభకు చెందినవారు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలో కపూచిన్ గురువులు, ఫ్రాన్సిస్కన్ సిస్టర్లు పనిచేస్తున్నారు. యాత్రకు వెళ్లేముందు వాళ్లలో ఎవరినైనా కలిసి మాట్లాడండి, గైడు పుస్తకాల్లో లేనివి చెబుతారు.

వెళ్లే స్తోమత లేదు. ఏం చేయొచ్చు?

ఫ్రాన్సిస్ సంవత్సరపు దీవెనలు పొందడానికి అస్సీసికే వెళ్లనక్కర్లేదు. ఏ ఫ్రాన్సిస్కన్ గుడినైనా, ఫ్రాన్సిస్‌గారి పేరున్న ఏ గుడినైనా భక్తితో దర్శించవచ్చు. వృద్ధులు, రోగులు ఇంటి నుంచే ప్రార్థించవచ్చు. ఇక ఏటా అక్టోబర్ 3 సాయంత్రం ఫ్రాన్సిస్కన్ మఠాల్లో ఆయన మరణాన్ని తలుచుకునే 'ట్రాన్సిటస్' ప్రార్థన జరుగుతుంది. మీ ఊళ్లో, దగ్గర్లో కపూచిన్ గురువులో ఫ్రాన్సిస్కన్ సిస్టర్లో ఉంటే ఎన్నింటికో అడిగి వెళ్లండి. బయటివాళ్లు వస్తే వాళ్లు సంతోషిస్తారు.